పంతంగి టోల్ దగ్గర ఒక జబ్బు, జడ్చర్ల దాటాక ఇంకో జబ్బు: స్పోర్ట్స్ కారు మళ్లీ మళ్లీ ఎందుకు హీటెక్కుతుంది?

క్లుప్తంగా: రిపేరు చేయించిన కొన్నాళ్లకే మళ్లీ హీటెక్కే కారులో చాలావరకు పోయిన పార్టు ఒకటి, మార్చిన పార్టు ఇంకొకటి. ట్రాఫిక్‌లో ఆగినప్పుడా, హైవే మీదా, ఘాట్ ఎక్కుతున్నప్పుడా, ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడా అన్నది ముందు తేలితే అనుమానించాల్సిన పార్టులు బాగా తగ్గిపోతాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఎండ, బోరు నీళ్లు, స్పీడ్ బ్రేకర్లు ఉన్న లోపాన్ని ముదరబెడతాయి. ఒక రిపేరులో జరిగిన పొరపాటే తర్వాతి హీటింగ్‌కు కారణం కావడం కూడా మామూలే.

హైదరాబాద్ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో పాత పోర్షే బాక్‌స్టర్లు, బీఎండబ్ల్యూ జెడ్4లు, ఆడి టీటీలు కొత్త ధరతో పోలిస్తే చాలా తక్కువకే దొరుకుతాయి. కొన్నవాళ్లు ఆదివారం పూట విజయవాడ హైవే మీదో, బెంగళూరు హైవే మీదో, లేదంటే శ్రీశైలం దారిలోనో వాటిని తిప్పుతారు. ఇంతవరకు బాగానే ఉంటుంది. ఏప్రిల్లో ఒకరోజు టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది. షెడ్డులో థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్ దారి తెరిచే వాల్వు) మారుస్తారు, కొన్నాళ్లు బండి బాగానే నడుస్తుంది, మళ్లీ ముల్లు లేస్తుంది. ఈసారి వాటర్ పంపు. ఆ తర్వాత రేడియేటర్. బిల్లులు పెరుగుతూ పోతాయి, చివరికి "ఇంపోర్టెడ్ బండి కదా సార్, మన ఎండలకు తట్టుకోదు" అనే మాట దగ్గర ఆగుతుంది. ఆ మాటలో నిజం ఎంతుందో లెక్క వేసి చూడొచ్చు.

ఎండ వాటా ఎంత

పెట్రోలు మండితే వచ్చే శక్తిలో స్థూలంగా మూడో వంతు బండిని లాగడానికి, మూడో వంతు సైలెన్సర్ పొగలోకి, మిగిలింది కూలెంట్ అనే ద్రవంలోకి, ఇంజిన్ ఒంట్లోకి పోతుంది. కూలెంట్ ఆ వేడిని మోసుకెళ్లి రేడియేటర్‌లో గాలికి ఇచ్చేస్తుంది. ఎంత ఇవ్వగలదన్నది కూలెంట్‌కూ బయటి గాలికీ మధ్య ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. కూలెంట్ 95 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. బయట 25 డిగ్రీలైతే తేడా 70, మే నెలలో 45 డిగ్రీలైతే తేడా 50. అంటే మండు వేసవిలో అదే రేడియేటర్ తన సామర్థ్యంలో దాదాపు 28 శాతం కోల్పోతుంది. ముందున్న ఏసీ కండెన్సర్ వదిలే వేడి, తారు రోడ్డు నుంచి ఎగసే సెగ దీనికి అదనం. కిందికి వంగి ఉండే కారు కాబట్టి ఆ సెగ వాటా స్పోర్ట్స్ కారుకు కాస్త ఎక్కువే.

ఇది చిన్న నష్టమేం కాదు, కానీ ఇంకోవైపు కూడా చూడాలి. 300 హార్స్‌పవర్ ఇంజిన్ ఉన్న కారు సమతలమైన హైవే మీద 100 కిలోమీటర్ల స్పీడులో నిలకడగా పోవడానికి సుమారు ఇరవై, పాతిక హార్స్‌పవర్ చాలు. కంపెనీ వేసిన కూలింగ్ వ్యవస్థ పూర్తి జోరులో వచ్చే వేడిని మోయడానికి తయారైంది. అలాంటి బండి ఇంత తేలిక పనిలోనే హీటెక్కుతుందంటే ఆ వ్యవస్థ సామర్థ్యంలో సగానికి పైగా ఎక్కడో పోయినట్టే. ఎండ తీసుకెళ్లింది 28 శాతమే కదా. మిగతాది ఎటు పోయిందో వెతకాలి. చలికాలంలో ఏమీ తెలియకుండా దాక్కున్న లోపం ఏప్రిల్లో బయటపడుతుంది, అంతే.

ఎక్కడ హీటెక్కింది?

మెకానిక్ దగ్గర ఎవరైనా ముందు చెప్పే మాట "బండి హీటెక్కుతోంది". దాంతో ఏమీ తేలదు. ఎక్కడ, ఏ స్పీడులో, ఏసీ వేసి ఉందా అన్నది చెబితే సగం పని అయినట్టే.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఆంధ్ర వైపు పోయే బండ్లతో పంతంగి టోల్ దగ్గర ఎంత రద్దీ ఉంటుందో తెలిసిందే. జనవరి చలి, ఎండ నామమాత్రం, అయినా లైన్‌లో ముల్లు లేచింది, టోల్ దాటి స్పీడు అందుకోగానే దిగిపోయింది అంటే వేలు నేరుగా ఫ్యాన్ వైపు చూపించొచ్చు. గంటకు యాభై, అరవై కిలోమీటర్లు దాటాక ఎదురుగాలే రేడియేటర్‌కు సరిపోతుంది, ఆగినప్పుడు మాత్రం ఫ్యాన్ ఒక్కటే దిక్కు. ఫ్యాన్ తిరుగుతోంది కదా అని వదిలేయకూడదు. చాలా కార్లలో ఫ్యాన్‌కు రెండు స్పీడులుంటాయి, తక్కువ స్పీడును నడిపే రెసిస్టర్ కాలిపోతే ఫ్యాన్ మొదటి దశలో తిరగదు, ఉష్ణోగ్రత బాగా పెరిగాక ఫుల్ స్పీడులో ఒక్కసారిగా అందుకుంటుంది. 986 బాక్‌స్టర్‌లో (మొదటి తరం మోడల్) ఇది పేరుమోసిన జబ్బు. పైగా ఆ కారులో ముందు బంపర్ రెండు మూలల్లో రెండు రేడియేటర్లు, రెండు ఫ్యాన్లు ఉంటాయి కాబట్టి ఒకటి తిరుగుతున్న శబ్దం విని రెండోదీ బాగుందనుకునే ప్రమాదం ఉంది. ఇంజిన్ ఆన్ చేసి ఏసీ వేస్తే చాలా బండ్లలో ఫ్యాన్ వెంటనే తిరగాలి. పైసా ఖర్చు లేని టెస్ట్ ఇది. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు విరిగిందని తీసి పడేసినా, దొరికిన లోకల్ ఫ్యాన్ బిగించినా ట్రాఫిక్‌లో ఇదే కథ.

ఇక రెండో రకం. సిటీలో ఏ గొడవా లేదు, షాద్‌నగర్ దాకా బాగానే ఉంది, జడ్చర్ల దాటి కొత్తకోట వైపు నిలకడగా పోతుంటే ముల్లు మెల్లగా ఎక్కుతోంది, స్పీడు తగ్గిస్తే దిగుతోంది. ఇక్కడ ఫ్యాన్ మీద డబ్బు పెట్టడం దండగ. వేడి ఎక్కువ పుడుతోంది, కూలెంట్ దాన్ని మోయలేకపోతోంది లేదా రేడియేటర్ గాలికి ఇవ్వలేకపోతోంది. రేడియేటర్ గొట్టాలు లోపల మూసుకుపోయి ఉండొచ్చు. వాటర్ పంపులో కూలెంట్‌ను నెట్టే ప్లాస్టిక్ రెక్కల చక్రం (ఇంపెల్లర్) పగిలి, లేదా షాఫ్ట్ మీద జారి, పంపు తిరుగుతున్నా కూలెంట్ కదలకపోవచ్చు. చుక్క లీక్ కూడా ఉండదు కాబట్టి పైనుంచి చూసి "పంపు ఓకే" అనేస్తారు. రేడియేటర్ కింది హోస్ పైపు మెత్తబడి, ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో పంపు లాగే ఊపుకు లోపలికి ముడుచుకుపోవచ్చు. బండి ఆపి చూస్తే మామూలుగానే కనిపిస్తుంది, బానెట్ ఎత్తి ఎవరైనా ఇంజిన్ రేస్ చేస్తుంటే పక్క నుంచి చూస్తేనే పట్టుబడుతుంది. జెడ్4లో వచ్చిన కొన్ని ఆరు సిలిండర్ల ఇంజిన్లకు వాటర్ పంపు బెల్టుతో కాక కరెంటుతో నడుస్తుంది. వాటిలో పంపు ఆగిపోయే ముందు స్కానర్‌లో (కారు కంప్యూటర్‌ను చదివే పరికరం) కోడ్ వదలొచ్చు. చూసేవాళ్లు ఉండాలి.

హైవే రకానికి మన ప్రాంతంలో ఇంకో రెండు కారణాలు తోడవుతాయి. ఒకటి చెత్త. పత్తి సీజన్లో లారీల నుంచి, ట్రాక్టర్ల నుంచి ఎగిరే పింజలు, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల పొట్టు, సాయంత్రం పూట పురుగులు, ఇవన్నీ పోయి ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో చేరతాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగా ఉంటుంది. వెనక రేడియేటర్‌కు దుప్పటి కప్పినట్టు ఉంటుంది. బాక్‌స్టర్ లాంటి వాటిలో బంపర్ విప్పితే తప్ప ఇది కనిపించదు, అందుకే సర్వీసులో దాటేస్తారు. రెండోది స్పీడ్ బ్రేకర్. ఊళ్లలో కొలత లేకుండా పోసిన స్పీడ్ బ్రేకర్లకు కారు కింది ప్లాస్టిక్ షీటు, ముందు బంపర్ కింది పెదవి గీసుకుపోతాయి, ఊగుతోందని మెకానిక్ వాటిని పీకేస్తాడు. అవి అందానికి పెట్టినవి కావు. రేడియేటర్ ముందు గాలి ఒత్తిడి ఎక్కువ, వెనక తక్కువ ఉండేలా చూసేది అవే. ఆ తేడా పోతే గాలి రేడియేటర్ గుండా పోకుండా పక్కల నుంచి, కింది నుంచి తప్పుకుపోతుంది. అమెరికన్ కార్వెట్‌లలో కొన్ని తరాలు గాలిని కింది నుంచే తీసుకుంటాయి, వాటిలో ఆ కింది పలక విరిగితే హైవే మీద హీటెక్కుతాయన్నది చాలామంది యజమానులకు తెలిసిన సంగతే.

శ్రీశైలం దారి మూడో పరీక్ష. కల్వకుర్తి, డిండి, మన్ననూరు దాటి నల్లమలలో పోయి డ్యామ్ దగ్గరికి దిగడం సులువే, తిరుగు ప్రయాణంలో దోమలపెంట వైపు ఎక్కేటప్పుడు తక్కువ గేరు, ఎక్కువ ఆర్‌పీఎమ్, తక్కువ ఎదురుగాలి అన్నీ కలిసొస్తాయి. సిటీలోనూ హైవేలోనూ గట్టెక్కిన బండి ఇక్కడ మాత్రమే హీటెక్కితే రేడియేటర్ సగం మూసుకుపోయిందనో, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కూ పైనున్న సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) లోడు మీద మాత్రమే లీకవుతోందనో అనుమానించాలి. రాత్రి పూట ఈ దారిలో మన్ననూరు దగ్గర గేటు మూసేస్తారు, అడవిలో చాలాచోట్ల సిగ్నల్ కూడా అందదు. అనుమానం ఉన్న బండిని సాయంత్రం పూట అక్కడికి తీసుకెళ్లడం తెలివైన పని కాదు.

నాలుగోది అసలు జబ్బే కాదు. గట్టిగా నడిపి నార్కట్‌పల్లిలో టిఫిన్‌కు ఆగి, ఇంజిన్ ఆపేస్తారు. పంపు ఆగుతుంది, హెడ్‌లో నిలిచిన వేడి కదలని కూలెంట్‌లోకి దిగుతుంది. పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే ముల్లు పైన ఉంటుంది, నిమిషంలో దిగిపోతుంది. ఇంజిన్ ఆపినా ఫ్యాన్ తిరుగుతూ ఉండటం, టర్బో కార్లలో చిన్న పంపు గుయ్యిమనడం కూడా మామూలే. దీనికి టెన్షన్ పడి పార్టులు మార్పించినవాళ్లు ఉన్నారు.

ముల్లును ఎంతవరకు నమ్మొచ్చు

చాలా ఆధునిక కార్లలో టెంపరేచర్ ముల్లు నిజం చెప్పదు. కూలెంట్ 75 డిగ్రీలున్నా, 105 ఉన్నా ముల్లు మధ్యలోనే నిలబడేలా కంపెనీలు అమర్చాయి, డ్రైవర్ ప్రతి చిన్న మార్పుకీ కంగారు పడకూడదని. ఫలితంగా ముల్లు కదిలిందని కనిపించేసరికి పరిస్థితి అప్పటికే చేయి దాటుతూ ఉంటుంది. ఓబీడీ సాకెట్‌కు (కారు కంప్యూటర్‌కు స్కానర్ కలిపే చోటు) చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లో అసలు నంబరు చూసుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో చవకైన పనుల్లో ఒకటి. 92 దగ్గర ఉండే బండి ప్రతి వారం రెండేసి డిగ్రీలు పైకి జరుగుతుంటే ముల్లుకు తెలియదు, నంబరుకు తెలుస్తుంది.

ఇంకో మోసం కూడా ఉంది. కూలెంట్ బాగా తగ్గిపోతే సెన్సర్ ద్రవంలో కాక ఆవిరిలో వేలాడుతుంది, రీడింగ్ ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది. ముల్లు చల్లబడిందని సంతోషించే ఆ నిమిషంలోనే లోపల హెడ్ ఉడుకుతూ ఉంటుంది. అప్పుడు హీటర్ వేసి చూడాలి. చల్లగాలి వస్తే కూలెంట్ లేదనో, కదలడం లేదనో అర్థం. వెంటనే పక్కకు ఆపేయాలి. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తీయకూడదు, ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది.

ఆ మూత సంగతి

మూత మీద మరో మాట. సగం నీళ్లు, సగం కూలెంట్ కలిపిన ద్రవం మామూలు ఒత్తిడిలో సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత ఒక బార్ ఒత్తిడి నిలబెడితే ఆ హద్దు 125 దాటి పోతుంది. స్ప్రింగ్ వదులైన మూత ఆ ఒత్తిడిని నిలపలేదు, ఎగ్జాస్ట్ వాల్వుల పక్కన కూలెంట్ ముందే మరిగి బుడగలు కడుతుంది, అవి కూలెంట్‌ను బయటికి నెడతాయి. ఎక్కడా లీక్ కనిపించదు, అయినా కూలెంట్ తగ్గుతుంటుంది. మొత్తం వ్యవస్థలో చవకైన పార్టుల్లో ఇదొకటి, చివరగా మార్చేదీ ఇదే.

థర్మోస్టాట్ పీకేస్తే

షెడ్డుల్లో వినపడే పాత వైద్యం ఇది. థర్మోస్టాట్ తీసేస్తే దారి ఎప్పుడూ తెరిచి ఉంటుంది కాబట్టి కూలింగ్ పెరుగుతుందని లెక్క. పాత లారీకి ఏమోగానీ కొన్ని కార్లకు ఈ లెక్క తలకిందులవుతుంది. సాధారణంగా 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకునే ఈ వాల్వుకు కొన్ని ఇంజిన్లలో అడుగున ఇంకో పళ్లెం ఉంటుంది. పైన రేడియేటర్ దారి తెరుచుకుంటుంటే ఆ పళ్లెం అడుగున బైపాస్ దారిని మూస్తుంది. మొత్తం తీసేస్తే బైపాస్ శాశ్వతంగా తెరిచే ఉంటుంది, వేడి కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోతుంది. చలి ఉదయం ఇంజిన్ వేడెక్కక పెట్రోలు తాగుతుంది, మే మధ్యాహ్నం హైవే మీద హీటెక్కుతుంది. రెండూ ఒకే బండిలో. థర్మోస్టాట్ మీద అనుమానం ఉంటే గిన్నెలో నీళ్లు మరిగించి, థర్మామీటర్ పెట్టి, ఎన్ని డిగ్రీలకు తెరుచుకుంటుందో చూస్తే సరి.

బోరు నీళ్లు

నల్లగొండ నీళ్లంటే అందరికీ గుర్తొచ్చేది ఫ్లోరైడ్. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. కానీ రేడియేటర్‌కు అసలు శత్రువు ఫ్లోరైడ్ కాదు, నీటి కఠినత్వం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీళ్లు వేడెక్కితే అవి గారలా పేరుకుంటాయి, అదీ అన్నిటికంటే వేడిగా ఉండే చోట, అంటే సిలిండర్ హెడ్ లోపల, ఎవరికీ కనిపించని దగ్గర. ఆ గార వేడిని సరిగా పోనివ్వదు. కూలెంట్ సెన్సర్ 95 చూపిస్తుంటే దాని వెనక లోహం అంతకంటే చాలా వేడిగా ఉండొచ్చు. క్లోరైడ్ ఎక్కువున్న నీళ్లయితే అల్యూమినియంను తింటాయి కూడా.

రోడ్డు మీద నిలబడిపోయినప్పుడు దాబాలో దొరికిన బోరు నీళ్లు పోయడం తప్పేమీ కాదు, ఇంజిన్ చల్లారాక పోయాలి, అంతే. తప్పు ఆ తర్వాత వాటిని అలాగే ఉంచేయడం. ఇంటికి రాగానే మొత్తం తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కంపెనీ చెప్పిన కూలెంట్ సగం పాళ్లలో పోయాలి. మిషన్ భగీరథ నీళ్లు తాగడానికి మంచివే, రేడియేటర్‌కు అవీ వద్దు. కూలెంట్ రంగు చూసి కలపడం ఇంకో పొరపాటు. రంగుకు ఏ ప్రమాణమూ లేదు, వేర్వేరు రసాయనాల కూలెంట్లు కలిస్తే జిగురుగా మారొచ్చు. లీక్ ఆపడానికి పసుపు, స్టాప్ లీక్ పొడి వేసే అలవాటు కూడా ఉంది. పాత బండికి నాలుగు రోజులు పని చేస్తుందేమో, స్పోర్ట్స్ కారు రేడియేటర్‌లోని సన్నటి గొట్టాలకు అది కొత్త అడ్డంకి.

రిపేరే కొత్త కారణమైతే

మళ్లీ మళ్లీ వచ్చే హీటింగ్‌లో ఎక్కువమంది పట్టించుకోనిది ఈ భాగం. బాక్‌స్టర్, టయోటా ఎంఆర్2 లాంటి వాటిలో ఇంజిన్ వెనక, రేడియేటర్ ముందు. మధ్యలో కారు పొడవునా పైపులు. ఏ చిన్న పార్టు మార్చినా కూలెంట్ తీయాలి, మళ్లీ నింపేటప్పుడు ఎక్కడో ఒక ఎత్తైన మలుపులో గాలి మిగిలిపోతుంది. ముందు ఇంజిన్ ఉన్న కారుకు చేసినట్టు మూత తీసి పోసి, కాసేపు ఇంజిన్ నడిపి, "ఎయిర్ పోయింది" అంటే ఇక్కడ కుదరదు. వ్యాక్యూమ్ పెట్టి గాలంతా లాగేసి, ఆ లాగుడుతోనే కూలెంట్ నింపే పరికరం కావాలి. డ్యాష్‌బోర్డు వెనక గుటగుటమని నీళ్ల చప్పుడు, హీటర్ కాసేపు వేడిగా కాసేపు చల్లగా రావడం, నంబరు ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా పడటం, ఇవన్నీ ఎయిర్ లాక్ గుర్తులు. పంపు మార్చిన వారానికే మళ్లీ హీటెక్కితే పంపు నాసిరకమని తిట్టే ముందు దీన్ని చూడాలి.

హెడ్ గ్యాస్కెట్ సంగతి దీనికంటే చిక్కు. గ్యాస్కెట్ పోతే బండి హీటెక్కుతుంది, బండి హీటెక్కితే గ్యాస్కెట్ పోతుంది. మొదటిసారి ఫ్యాన్ వల్ల హీటెక్కిన కారులో అల్యూమినియం హెడ్ వెంట్రుకవాసి వంగితే, ఫ్యాన్ బాగుచేశాక కూడా సిలిండర్‌లోని వాయువు లోడు మీద కూలెంట్‌లోకి దూరుతుంది. అప్పటి నుంచి హీటింగ్‌కు కారణం ఫ్యాన్ కాదు, మారిపోయింది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే పై హోస్ పైపు రాయిలా గట్టిపడితే అనుమానం బలపడుతుంది. ట్యాంకు మీద బ్లాక్ టెస్టర్ (కూలెంట్‌లోకి సిలిండర్ వాయువు వస్తోందేమో చూసే పరికరం) పెడితే, వాయువు ఉంటే అందులోని నీలి ద్రవం పసుపు రంగుకు తిరుగుతుంది. కాకపోతే ఆ టెస్ట్ ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు, వీలైతే ఘాట్‌లాంటి లోడు తర్వాత చేయాలి, చల్లటి బండికి షెడ్డులో చేస్తే చిన్న లీకు దొరక్కపోవచ్చు. ఆయిల్ మూత కింద మీగడలాంటిది, తియ్యటి వాసనతో తెల్ల పొగ కనిపించేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

గ్యాస్కెట్ మార్చేటప్పుడు హెడ్‌ను లేత్‌కు పంపి ఫేసింగ్ (అడుగు చదును చేయడం) చూపించకపోతే, బ్లాక్ పైభాగం సమంగా ఉందో లేదో కొలవకపోతే, సాగే రకం హెడ్ బోల్టులను పాతవే వాడితే, ఆ రిపేరు ఎక్కువ కాలం నిలవదు. చాలా బిల్లుల్లో గ్యాస్కెట్ ధర ఉంటుంది, ఫేసింగ్ ఉండదు.

ఈ20 పెట్రోలు, రీమ్యాప్ మీద నింద

2025లో దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక ప్రతి జబ్బునూ దాని ఖాతాలో వేస్తున్నారు. ఇథనాల్‌లో లీటరుకు పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు శక్తి తక్కువ, కాబట్టి ఈ20కి సెట్ చేయని పాత కారులో మిశ్రమం పలచబడే (గాలి పాలు పెరిగే) అవకాశం ఉంది. ఆక్సిజన్ సెన్సర్ బాగుంటే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఇంధనం పెంచి సర్దుకుంటుంది. అనుమానం తీరాలంటే స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ ఇంధనాన్ని ఎంత శాతం సర్దుతోందో చూడాలి. అది 10 శాతం లోపే ఉంటే హీటింగ్‌కు వేరే కారణం వెతుక్కోవాలి. రీమ్యాప్ (పవర్ కోసం ఈసీయూ ఫైల్‌ను మార్పించడం) మాత్రం వేరే సంగతి. పవర్ పెంచితే వేడి పెరుగుతుంది, రేడియేటర్ పాతదే ఉంటుంది. రీమ్యాప్ తర్వాతే హీటింగ్ మొదలైతే ఫైల్‌ను కంపెనీ స్థితికి తెచ్చి అదే దారిలో నడిపి చూడటం సమంజసం.

ఏ వరుసలో చూడాలి

ఖర్చు తక్కువున్నవి ముందు. చల్లటి ఇంజిన్‌లో కూలెంట్ మట్టం, మూత, ఏసీతో ఫ్యాన్ టెస్ట్, కింది షీటు, పెదవి. తర్వాత కండెన్సర్, రేడియేటర్ మధ్య సందు. ఆ తర్వాత ప్రెషర్ టెస్ట్: మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు గాలి పంపు కొట్టి పదిహేను, ఇరవై నిమిషాలు వదిలితే ప్రెషర్ గేజ్ ముల్లు దిగకూడదు. దిగుతూ ఉండి బయట తడి లేకపోతే లీకు లోపలికే. అప్పుడు ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో (తాకకుండా వేడి కొలిచే పరికరం) రేడియేటర్ ముఖం మీద అక్కడక్కడా కొట్టి చూడాలి, పక్కదాని కంటే బాగా చల్లగా ఉన్న భాగం దొరికితే అక్కడ గొట్టాలు మూసుకుపోయినట్టు. లోపలికి వచ్చే పైపూ, బయటికి పోయే పైపూ రెండూ ఒకే వేడి మీద ఉంటే గాలి వైపు లోపం. తేడా మరీ ఎక్కువగా ఉండి ఇంజిన్ హీటెక్కుతుంటే కూలెంట్ కదలడం లేదు, అంటే పంపో, థర్మోస్టాటో. ఇవన్నీ అయ్యాకే బ్లాక్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి కొట్టి ఎటు లీకవుతుందో చూడటం), హెడ్ విప్పడం.

రిపేరు అయ్యాక షెడ్డు ముందు పది నిమిషాలు ఇంజిన్ నడిపి అప్పగిస్తే ఒప్పుకోకూడదు. హీటెక్కిన చోటే, హీటెక్కిన స్పీడులోనే, అదే ఏసీతో, స్కానర్ నంబరు చూస్తూ నడపాలి. కారు టోల్ దగ్గర హీటెక్కేదైతే ట్రాఫిక్‌లో, జడ్చర్ల దాటాక హీటెక్కేదైతే హైవే మీదే. తర్వాత రెండు మూడు సార్లు పూర్తిగా వేడెక్కి పూర్తిగా చల్లారాక, తెల్లారి చల్లటి ఇంజిన్‌లో కూలెంట్ మట్టం చూసి ట్యాంకు మీద పెన్నుతో గీత పెట్టుకోవాలి. మొదటి రోజు కాస్త తగ్గితే అది మిగిలిన గాలి బయటికి రావడం. మూడో రోజు కూడా తగ్గుతుంటే పని పూర్తి కాలేదు, బండి మళ్లీ షెడ్డుకే.